ఎవరి పేరుతో వాళ్లు

పాండిసెల్వి సొరుగు తాళంచెవి తెచ్చి హరికృష్ణన్ బల్ల మీద పెట్టింది. పెట్టి, ఇంకేమైనా అడుగుతాడేమోనని కాసేపు అక్కడే నిలబడింది. కోవిల్‌పట్టి రైతుల కంపెనీకి మేనేజరు ఆయన. ఆ కాసేపట్లో ఆయన తలెత్తి చూస్తే ఒట్టు. చేతిలో ఉన్న కాయితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చదువుతూనే ఉన్నాడు. దాంట్లో ఉన్నవి నాలుగే పంక్తులు.

"పోయొస్తా సార్" అంది పాండిసెల్వి.

"శనారం మీటింగు అయినాక సెప్పి పంపిస్తా. అంత దనక ఇంట్లో ఉండు."

కంప్యూటర్లు చూసుకునే కార్తిక అప్పుడు బల్ల కింద గొంతుక్కూర్చుని ఉంది. చెప్పుల పెట్టెంత ఉన్న ఒక నల్ల పెట్టెకు తీగలు తగిలిస్తోంది. అక్కడి నుంచి ఆమెకు పాండిసెల్వి కాళ్లే కనబడుతున్నాయి. కాళ్లు తన కుర్చీ దగ్గరికి పోయి ఆగాయి. కుర్చీ అక్కడ లేదు. ఎవరో మహానుభావుడు పొద్దున్నే దాన్ని గోడవారకు లాగేశాడు. టిఫిను డబ్బా తీసుకున్న చప్పుడైంది. తర్వాత కాళ్లు గడప దాటి వెళ్లిపోయాయి. ఆఫీసులో ఉన్న ఐదుగురిలో ఒక్కరూ నోరు విప్పలేదు. కార్తిక కూడా విప్పలేదు, అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

సంగతి ఇది. విరుదునగర్ గోదాములో విత్తనానికని విడిగా పెట్టిన మినుములు నలభై మూటలు. మూడు వారాల కిందట అవి మిల్లుకు పోయి పప్పయి కూర్చున్నాయి. పురటాసి నెల ముగుస్తోంది, రేపో మాపో వాన పడుతుంది, రైతులేమో విత్తనాలెక్కడని అడుగుతున్నారు. కంప్యూటర్లో ఉన్న స్టాకు రిజిస్టరు తెరిచి చూస్తే పద్దెనిమిదో తేదీ పొద్దున తొమ్మిదీ నలభైకి ఆ మూటల ఎదురుగా 'విత్తనం' అని ఉన్నది 'మిల్లు' అని మారింది. మార్చినవాళ్ల పేరు పాండిసెల్వి. కంపెనీ చైర్మన్ పొన్నుసామి ఫోనులో వేసిన కేకలు పక్క గదిలో టీ తాగేవాళ్లకు కూడా వినబడ్డాయి. ఆ పిల్లను తీసెయ్యాల్సిందేనన్నాడాయన. శనివారం డైరెక్టర్లు కూర్చుని ఆ మాట ఖాయం చెయ్యాలి.

పాండిసెల్వి చెప్పింది ఒక్కటే ముక్క, నేను చెయ్యలేదని. నీ పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసని అడిగితే మాత్రం నేల చూసింది.

"ఏమ్మా, ఇది ఎప్పుడు తిరగతాది?" హరికృష్ణన్ వంగి బల్ల కిందికి చూశాడు. పాండిసెల్వి వెళ్లిపోయాక ఆయన మెడకు చలనం వచ్చింది.

"రేపు సాయంత్రానికి సార్. రెండేండ్లుగా అడుగుతా ఉండాను, ఇప్పుడు తొందరంటే యట్టా?"

"సరి సరి. ఏం సేస్తాదో డైరెక్టర్లకి నేను సెప్పాల. నాకు అర్థమయ్యేటట్టు సెప్పు."

కార్తిక బయటికి వచ్చి చేతులు దులుపుకుంది. "ఇంత దనక మన రిజిస్టరు వాకిలి లేని ఇల్లు సార్. పాస్‌వర్డు తెలిసినోళ్లు ఎవురైనా, యాడినుంచైనా నేరుగా లోపలికి పోతారు. ఇది వాకిట్లో కూసుంటాది. నువ్వెవురు, ఏ మిషన్ నుంచి వస్తా ఉండావు, ఏం పని అని అడుగుతాది. పాస్‌వర్డు సెప్పినా నమ్మదు, మన ఫోనులో వచ్చే ఆరంకెలు గూడా సెప్పాల. గోదాము వాళ్లని స్టాకు రిజిస్టరుకి మాత్రం పంపుతాది, కెమెరాలు మీకు మాత్రం సూపిస్తాది. వచ్చినోళ్లని, తిరిగి పోయినోళ్లని అందర్నీ రాసి పెడతాది. బయటోళ్ల చేతిలో ఏమీ ఉండదు, అంతా మన బల్ల కిందే."

"అట్టయితే పద్దెనిమిదో తేదీ ఎవురు సేసిందీ సెప్పుతాదా?"

"సెప్పదు సార్. ఇది కూసున్న దినం నుంచే దీనికి తెలుసు."

ఈ పెట్టె పాండిసెల్విని కాపాడలేదు. ఒక పాస్‌వర్డుతో ఎవరైనా ఏమైనా చేసి ఉండొచ్చని డైరెక్టర్ల ముందు చూపించగలిగితే అదే పదివేలు. శనివారానికి ఇంక నాలుగు రోజులే ఉంది.

బుధవారమంతా ఆ పెట్టె కార్తిక ప్రాణం తోడేసింది. పొద్దున బ్రౌజరు తెరిస్తే ఎర్రటి తెర వేసి, ఈ చోటు నమ్మదగింది కాదు పొమ్మంది. తను చేత్తో పెట్టిన దాన్నే నమ్మదగింది కాదంటే ఎవరికైనా ఒళ్లు మండదా? నమ్మదగిందేనని చెప్పే సర్టిఫికెట్టు ఒక పేరుకు తీసుకుని, పెట్టెకు ఇంకో పేరు ఇచ్చిందని కనుక్కోవడానికి పదకొండయింది. తర్వాత నియమాలు రాసింది. పదకొండు మంది మనుషులు, నాలుగు పనులు, ఎవరికి ఏది. ఒక్కొక్క పంక్తి రాసి, ఆ మనిషిలా తానే లోపలికి పోయి చూసి, కూడనిచోట కూడదనే అంటోందని తెలుసుకుని తర్వాతి పంక్తికి పోయింది.

మధ్యాహ్నం మూడింటికి అసలు పని మిగిలింది. వాకిట్లో ఎంత గట్టి కావలి పెట్టినా పెరటి దారి మూయకపోతే జనం అలవాటుగా అట్నుంచే పోతారు. రిజిస్టరు ఉన్న మిషన్ ఇకమీదట ఈ పెట్టె మాట తప్ప ఇంకెవరి మాటా వినకూడదని రాసింది. సొంత ఫోనులో పాత చిరునామా కొట్టి చూసింది. తెరుచుకోలేదు. ఆఫీసులో ఎవరూ చూడకుండా రెండు చేతులూ పైకెత్తి ఒళ్లు విరుచుకుంది. నిజానికది ఒళ్లు విరుచుకోవడం కాదు, సంతోషం.

ఆ సంతోషం ఐదు నిమిషాలు కూడా నిలవలేదు. హరికృష్ణన్ వచ్చి, పాండిసెల్వి పేరు నిలిపెయ్యమన్నాడు. జాబితాలో ఆ పేరు పక్కన ఉన్న గుర్తు తీసేస్తే చాలు. కార్తిక వేలు కాసేపు మీట మీదే ఉండి, చివరికి నొక్కింది.

గురువారం పొద్దున తొమ్మిదింటికి వచ్చి పెట్టె రాసిపెట్టిన చిట్టా తెరిచింది. మొదటి నాలుగు పంక్తులూ ఒకటే రకం. పాండిసెల్వి, విరుదునగర్ గోదాము, తూకం గది మిషన్, ఎనిమిదీ యాభైరెండు, నిరాకరణ. ఎనిమిదీ యాభైమూడు, నిరాకరణ. మళ్లీ నిరాకరణ. మళ్లీ.

కార్తిక ఫోను తీసింది. "పాండీ, యాడ ఉండావు?"

"యాడుంటాను, ఇంట్లోనే. దోసెలు పోస్తా ఉండా."

"నీ పేరుతో ఇప్పుడు విరుదునగర్ గోదాములో ఎవురో తలుపు తట్టతా ఉండారు. నీ పాస్‌వర్డు అక్కడ ఎవురికిచ్చినావు?"

అవతల పెనం మీద దోసె చుయ్యిమంటోంది. అది మాడే వాసన ఇక్కడికి రాదు కానీ, తీసే చప్పుడు మాత్రం చాలాసేపు వినబడలేదు.

"కార్తికా, నన్ను అడగవద్దు. ఇచ్చింది నేను, తప్పు నాది. పెద్దవాళ్లని ఇందులోకి లాగవద్దు" అని పాండిసెల్వి ఫోను పెట్టేసింది.

కార్తిక హరికృష్ణన్‌కు చెప్పకుండానే బస్సెక్కింది. సాత్తూరు దాటేవరకూ ఆమెకు కోపమే. ఎవరో గోదాములో దర్జాగా కూర్చుని ఈ పిల్ల పేరు వాడుకుంటున్నారు, ఈ పిల్లేమో నోరు కుట్టుకుని ఇంట్లో దోసెలు పోస్తోంది. ఆ మనిషిని నాలుగు దులిపెయ్యాలని మాటలు కూడా కూర్చుకుంది.

గోదాములో అడుగు పెట్టగానే మిరపకాయల ఘాటుకు నాలుగు తుమ్ములు వచ్చాయి. కూర్చుకున్న మాటలు సగం అక్కడే పోయాయి. మిగతా సగం తూకం గదిలో పోయాయి. కంప్యూటరు ముందు, కళ్లజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఒంటి వేలితో మీటలు వెతుక్కుంటున్నది జానకియమ్మాళ్. విత్తనాల బాధ్యతంతా ఆమెదే. గింజను పంటి కింద పెట్టి కొరికి తడి ఎంతుందో చెబుతుంది. చైర్మన్ పొన్నుసామి భార్య కూడా ఆమే.

"దా కార్తికా, నిన్నే తలుసుకుంటా ఉండా. ఈ మిషన్ పొద్దున్నుంచీ నన్ను లోపలికి పోనీదు. ఇంద, ముందు పాల్‌కోవా తిను. మనవరాలు పుట్టింది." శ్రీవిల్లిపుత్తూరులో కూతురి కాన్పుకని పోయి, మూడు వారాలుండి, నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది ఆమె.

కార్తిక పాల్‌కోవా చేతిలో పట్టుకుని నిలబడింది. "అత్తా, మీరు పాండిసెల్వి పేరుతో యాంటికి పోతా ఉండారు? మీ పేరుతో మీకు రెండేండ్ల కిందటే ఇచ్చినాను కద."

జానకియమ్మాళ్ సొరుగు లాగి, లోపల అట్టకు అతికించి ఉన్న చీటీ చూపించింది. కార్తిక చేతిరాతే. "దాంట్లో ముందర ఏముండాదో నువ్వే సదువు."

"పొన్నుసామి, చుక్క, జానకి."

ఆ మొదటి మాటకు జానకియమ్మాళ్ కొంగు సవరించుకుంది. "నేను ఆ పేరు పలకను, రాయను. పెండ్లయి ముప్పై ఎనిమిదేండ్లు. బ్యాంకు కాయితంలో గూడా నా కూతురే రాస్తాది, నేను సంతకం పెడతా. ఇది దినమూ పొద్దున్నే వచ్చిన ఎంటనే ఆ పేరే అడుగుతాది. ఏం సేసేది?"

"నాకు ఒక మాట సెప్పి ఉండచ్చు కద అత్తా."

"నువ్వు సదువుకున్న పిల్లవి, నవ్వుతావేమో అనుకుంటిని. పాండిసెల్వికి సెప్పితే అది నవ్వలేదు. నాదాంతో పొండి అత్తా అనె."

కార్తిక మొహం వేడెక్కింది. ఆమె అవ్వ కూడా అంతే. రేషను కాయితం వాడు తాత పేరడిగితే, అవ్వ కార్తిక వీపు మీద చెయ్యేసి ముందుకు తోసేది, నువ్వు చెప్పమని. తెలియని సంగతా ఇది? సభ్యుల దరఖాస్తులో ఆడవాళ్లకు మొగుడి పేరు ముందుంటే, అదే వరసలో పదకొండు పేర్లూ దించేసి చేతులు దులుపుకుంది. రెండేళ్లుగా ఈ పెద్దామె, తన పేరుతో లోపలికి పోలేక, ఇంకొకరి పేరు అరువు తెచ్చుకుంటోంది.

"లేవండి అత్తా, నేను కూసుంటా." పది నిమిషాల పని. ఎవరి పేరు ఎలా ఉండాలో వాళ్లే చెప్పుకునేలా మార్చింది. జానకి అని మాత్రం ఉంటే చాలని జానకియమ్మాళ్ అంది. ఫోనులో ఆరంకెలు వచ్చాయి. ఆమె ఒక్కొక్కటే చదువుతూ కొట్టింది. చెల్లవంది పెట్టె. మళ్లీ కొట్టింది, మళ్లీ చెల్లవంది. కార్తికకు తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఫోను పైనున్న గడియారం చూసింది. "అత్తా, మీ ఫోనులో టైము పది నిమిషాలు ముందరుండాది."

"ఆమా, నేనే పెట్టుకుంటిని. లేకుంటే బస్సు తప్పిపోతాది."

ఆ ఆరంకెలు గడియారం చూసి పుట్టేవని, అది ముందుకుంటే అంకెలు కలవవని చెప్పి కార్తిక టైము సరిచేసింది. ఈసారి తెర తెరుచుకుంది. పైన జానకి అని పేరు. జానకియమ్మాళ్ కళ్లజోడు పైకి తోసి దాన్ని చూసుకుంది, మొహం విప్పారింది.

అప్పుడడిగింది కార్తిక. "పద్దెనిమిదో తేదీ పొద్దున మినుముల విత్తనాన్ని మిల్లుకని మార్చింది..."

"నేనే. ఏం?"

"దానికి పాండిసెల్విని ఇంట్లో కూసోబెట్టినారు అత్తా. శనారం తీసేస్తారు."

జానకియమ్మాళ్ చేతిలోని ఫోను బల్ల మీద పెట్టింది. "ఎవురు తీసేది?"

సొరుగులో అతికించిన చీటీలోని మొదటి పేరు మీద కార్తిక వేలు పెట్టింది.

"నాతో ఒక్క మాట అనలేదే ఆయన. కంపెనీ సంగతులు ఇంట్లో మాట్లాడరు. రాత్రి గూడా మనవరాలు ఎవురి పోలిక అనే అడిగినారు." ఆమె లేచి, మూలనున్న రేకు డబ్బా దించింది. వచ్చిన ప్రతి సరుకులోంచీ తీసి దాచిన పిడికెడు గింజలు, చిన్న చిన్న గుడ్డ సంచుల్లో. "ఆ విత్తు మొలవదు కార్తికా. పోయే ముందు వేసి సూస్తిని, నూటికి నలబై గూడా రాలేదు. అది రైతులకిస్తే వచ్చే ఐప్పసి నెలలో చేండ్లన్నీ బోడిగా ఉంటాయి. పప్పుకయితే పనికొస్తాది, అందుకే మిల్లుకి అంటిని."

"అప్పుడే అందరికీ సెప్పి ఉంటే సరిపోయేది కద."

జానకియమ్మాళ్ ఒక సంచి ముడి విప్పింది. "ఆ మూటలు మా దక్షిణపు చేనువి. మా విత్తు మాదిరి ఈ జిల్లాలోనే లేదని పదిమంది ముందర సెప్పి దించినారు మీ మామ. కాయ తడిమీద ఉండంగానే మూట కట్టించేసిరి, నేను వద్దంటే వినలేదు. ఇంట్లో మెల్లిగా సెప్పుకుందామని ఉంటిని. ఆ మధ్యాన్నమే ఫోను వచ్చె, బిడ్డకి నొప్పులని. అట్టే బస్సెక్కితిని. మా మర్యాద కాపాడుకుంటా ఆ పిల్ల కొంప ముంచితినే."

తలుపు దగ్గర మూటలు పేరుస్తున్న మునియాండి ఇదంతా విన్నాడు. లోడింగు వాళ్లకు మేస్త్రీ అతను. ఆ రోజు మూటలు ఎక్కించింది తామేనని, ఎక్కించమన్నది అమ్మేనని తమిళంలో చెప్పాడు. "నన్ను ఒక్కరైనా అడిగారా? కంప్యూటర్నే అడిగారు" అన్నాడు. కార్తికకు ఆ మాట చురుక్కుమంది. ఆమె కూడా అడగలేదు.

జానకియమ్మాళ్ తడి గోనెపట్ట పరిచి, ఆ సంచిలోని గింజలు వరసకు పది చొప్పున పది వరసలు పెట్టింది. మెల్లిగా చుట్టి, అరటి నారతో కట్టింది. చైర్మన్‌కు ఇప్పుడే ఫోను చెయ్యమని కార్తిక బతిమాలింది. ఫోనులో చెప్పే సంగతి కాదంది ఆమె. శనివారం పొద్దునకు చుట్ట సిద్ధంగా ఉంటుంది, తానే తీసుకొస్తుంది.

శుక్రవారం కార్తికకు తిండి సయించలేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా మొగుడి పేరు కూడా పలకని మనిషి, పదిమందిలో ఆయన విత్తనం చచ్చు విత్తనమని అంటుందా? రాత్రికి మనసు మారిపోతే ఎవరేం చెయ్యగలరు?

శనివారం పదిన్నరకు మీటింగు మొదలైంది. ఏడుగురు డైరెక్టర్లు, మధ్యలో పొన్నుసామి. హరికృష్ణన్ కొత్త వాకిలి గురించి చెప్పాడు, కార్తిక తెర మీద చూపించింది. అందరూ తలలూపారు. తర్వాత ఆయన గొంతు సవరించుకుని, పాండిసెల్వి సంగతి చదవడానికి కాయితం తీశాడు. అంతలో గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

జానకియమ్మాళ్ ఎవరి వైపూ చూడకుండా నేరుగా వచ్చి, కాయితాలు పక్కకు జరిపి, గోనె చుట్ట బల్ల మీద విప్పింది. తడి వాసన గదంతా నిండింది.

"ఇదేంది, ఇక్కడికి?" అన్నాడు పొన్నుసామి.

"నలబై మూటల్లోని విత్తు. నూరు గింజలుండాయి. మొలిసినవి ఎన్నో మీరే లెక్క పెట్టండి."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. రైతు కదా, తెల్లటి మొలకలు చూస్తే చెయ్యి దానంతట అదే పోయింది. వేలితో ఒక్కొక్కటే పక్కకు జరుపుతూ ఎంచాడు. ముప్పై ఆరు. మళ్లీ మొదటి నుంచీ ఎంచాడు. ముప్పై ఆరే. మిగిలినవి ఉబ్బి, నల్లగా, జిగురు పట్టి ఉన్నాయి.

"ఎవురి విత్తు ఇది?" అని ఒక డైరెక్టరు అడిగాడు.

జానకియమ్మాళ్ మొగుడి వైపు చూసింది. ఆమె నోటితో చెప్పలేదు, ఆయనే చెప్పాడు. "మాదే."

"మిల్లుకని మార్చింది నేను" అంది ఆమె. "మొలక వేసి సూసినాకే మార్చినా. పాండిసెల్వి పేరుతో పోయింది గూడా నేనే. నాకు ఇచ్చిన పేరు నేను పలికేది కాదు. ఆ పిల్ల నాకు ఉపకారం సేసింది. తీసేస్తే నన్ను తియ్యండి."

ఒట్టపిడారం నుంచి వచ్చిన ముసలి డైరెక్టరు, ఆ విత్తనం తన చేనుకే రావాల్సిందని, బతికిపోయానని అన్నాడు. దాంతో ఒకరిద్దరు నవ్వారు. గదిలో బిగుసుకున్నది కాస్త సడలింది. హరికృష్ణన్ కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. విత్తనాలకు శివగిరి పక్క ఎవరినో అడగాలని మాట నడిచింది. టీలు వచ్చాయి.

పొన్నుసామి టీ ముట్టలేదు. లేచి కార్తిక దగ్గరికొచ్చి, "ఆ పిల్ల ఇల్లు యాడ?" అన్నాడు.

కళుగుమలై రోడ్డులో పది నిమిషాల దూరం. కారు ఆయనే తోలాడు, కార్తిక పక్కన కూర్చుని దారి చూపించింది. పాండిసెల్వి వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఆయన్ను చూసి తడి చీర తీగ మీద అలాగే వదిలేసి వచ్చింది.

"కొంచెం తాగను నీళ్లియ్యి తల్లీ" అన్నాడు పొన్నుసామి. చెంబెడు నీళ్లూ తాగాడు. చెంబు చేతిలోనే పట్టుకుని, "నీ మీద తప్పు లేదు. మీ అత్త అంతా సెప్పింది. విత్తు సచ్చింది, అది నా మూలాన. మాటలు పడింది నువ్వు. మనసులో పెట్టుకోవద్దు, సోమారం పనికి రా" అన్నాడు.

పాండిసెల్వి కళ్లలో నీళ్లు తిరిగాయి. కొంగుతో తుడుచుకుంది. కార్తిక ఊపిరి వదిలింది, అయిపోయింది, ఇక ఇంటికి పోయి అన్నం తినొచ్చనుకుంది. కానీ పాండిసెల్వి అక్కణ్ణుంచి కదల్లేదు.

"మామా, ఈ మాట మీటింగులో సెప్పినారా?"

పొన్నుసామి తడబడ్డాడు. "మీ అత్త సెప్పింది కద."

"అత్త తన సంగతి సెప్పుకుండాది. నన్ను తీసెయ్యమని మీరు అందరూ వినేటట్టు సెప్పినారు. ఇదీ అట్టే సెప్పాల కద మామా."

గొంతు పెంచకుండానే అంది. పొన్నుసామి చెంబు తిన్నె మీద పెట్టాడు. ఇంతా చేసి ఇప్పుడు చెడుతుందేమోనని కార్తిక భయపడింది. ఆయన జేబులోంచి ఫోను తీశాడు.

"హరీ, ఎవుర్నీ పోనీవద్దు. ఇంకో టీ ఇప్పించు. మేము వస్తా ఉండాము."

పాండిసెల్వి లోపలికి పోయి, మొహం కడుక్కుని, ఆఫీసుకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. కార్తిక ముందు సీటు తలుపు తెరిచి పట్టుకుని, ఆమె కూర్చున్నాక తాను వెనక్కి పోయి కూర్చుంది.